ముందు సీట్లో డబుల్ బేస్

మా పక్కింటాయనకు 76 ఏళ్ళు. డబుల్ బేస్ వాయిస్తారు. నిలబెడితే మనిషి కంటే ఎత్తుండే వాయిద్యం అది. జూన్ చివర్లో ఆయన కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళు బండి నడపొద్దన్నారు డాక్టర్లు. జులైలో చూస్తే ఐదు రోజుల్లో నాలుగు జాజ్ గిగ్‌లు, అంటే కచ్చేరీలు, ఒప్పుకుని ఉన్నారు. ఓ సాయంత్రం కంచె మీదుగా పలకరించి, "నీకు సెలవులేమైనా మిగిలాయా?" అన్నారు. మిగిలాయి. వెనక గదికి రంగులేద్దామని దాచుకున్నవి. మా ఆవిడ "వెళ్ళు, ఆ గోడలెక్కడికీ పోవుగా" అంది.

నాకు జాజ్ గురించి తెలిసింది సున్నా. తెనాలిలో చిన్నప్పుడు మా మేనత్త దగ్గర రెండేళ్ళు సంగీతం నేర్చుకుని, గీతాల దగ్గరే ఆపేసినవాణ్ణి. పదిహేనేళ్ళుగా ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటున్నా, పక్కింటి గోడలోంచి వినిపించే 'దుమ్ దుమ్' తప్ప ఈ సంగీతాన్ని పట్టించుకోలేదు.

మొదటి రోజు, బుధవారం

బేస్‌ని కారెక్కించడానికి అరగంట పట్టింది. వెనక డోర్ తీసి, సీట్లు మడిచి, ముందు పాసింజర్ సీటుని పూర్తిగా వెనక్కి వాల్చి, బేస్ మెడని దాని మీదుగా పోనిస్తే చుట్టలు తిరిగిన తల అద్దానికి జానెడు దూరంలో ఆగింది. బేస్ గారు ముందు, ఆయన నా వెనక ఒదిగి. వీధి మలుపు తిరిగామో లేదో బీప్ బీప్‌మని అలారం. సీటు మీద బరువు చూసి ఎవరో కూర్చున్నారనుకుంది కారు. ఆయన వెనకనించి చెయ్యి చాచి బేస్‌కి సీటు బెల్టు పెట్టారు. నలభై ఏళ్ళుగా పెడుతున్నవాడిలా పెట్టారు.

సాయంత్రం గిగ్ లండన్‌లో, థేమ్స్ ఒడ్డున బార్న్స్‌లోని బుల్స్ హెడ్ అనే పబ్బులో. 1959 నుంచీ జాజ్ మోగుతున్న చోటు. మధ్యాహ్నానికే చేరి, బేస్‌ని లోపల భద్రంగా పెట్టించాం. కార్లో వదిలి వెళ్ళే ప్రశ్నే లేదట. "నా భార్యనైనా కార్లో ఉండమంటాను గానీ..." అని నవ్వారు. తర్వాత బార్న్స్ బ్రిడ్జి స్టేషన్లో రైలెక్కి ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌కి తీసికెళ్ళారు, ఒక తలుపు చూపించడానికి.

ఆ తలుపు నంబరు 100. బట్టల షాపుల మధ్య, చూస్తే ఏమీ లేదు. కిందికి మెట్లు. 1942 అక్టోబరులో, యుద్ధం మధ్యలో, ఇక్కడి నేలమాళిగ రెస్టారెంట్‌లో స్వింగ్ అనే డాన్సు జాజ్‌కి ఒక క్లబ్బు పెట్టారు. 1950లలో ఇది ట్రంపెట్ వాద్యకారుడు హంఫ్రీ లిటిల్టన్ క్లబ్బు. 1964లో 100 క్లబ్ అని పేరొచ్చింది. మా ఆయన, అంటే మా పక్కింటాయన, తొలిసారి ఈ మెట్లు దిగింది ఆ మరుసటేడు, పదహారేళ్ళప్పుడు.

లిటిల్టన్ పేరు ఈ ఐదు రోజుల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. 1921లో పుట్టింది గొప్పింటి పిల్లలు చదివే ఈటన్ బడిలోనే, చదివిందీ అక్కడే. పెద్దింటి బిడ్డ. సైన్యంలో గ్రెనేడియర్ గార్డ్స్ ఆఫీసరు. యూరప్‌లో యుద్ధం ముగిసిన 1945 మే 8న లండన్ వీధుల్లో తోపుడుబండెక్కి ట్రంపెట్ ఊదితే, ఆ చప్పుడు బీబీసీ రికార్డింగులోనూ పడింది. తర్వాత నాలుగు దశాబ్దాలు, 1967 నుంచి 2008 దాకా, రేడియోలో జాజ్ కార్యక్రమం నడిపారు. వీళ్ళకి ఆయన 'హంఫ్'. మనం ఘంటసాల గారిని 'మాస్టారు' అంటే సరిపోయినట్టు.

ఆరున్నరకి మిగతా నలుగురూ వచ్చారు. వీళ్ళు ఒకళ్ళనొకళ్ళు వాయిద్యాలతోనే పిలుచుకుంటారు గనక నేనూ అదే పద్ధతి. ట్రంపెట్: రిటైరైన జాగ్రఫీ మాస్టారు, బృందానికి పెద్ద దిక్కు, అంటే ఫోన్లు చేసేదీ, చెక్కులు పంచేదీ ఆయన. టెనర్ శాక్స్ (శాక్సోఫోన్): అరవై దాటిన ఆవిడ, వారానికి మూడ్రోజులు కళ్ళజోళ్ళ షాపులో పని. పియానో: పగలు పియానోలు శ్రుతి చేసే వృత్తి. డ్రమ్స్ అసలాయన ఓడ మీద క్రూజ్ ఉద్యోగంలో ఉన్నాడట, ఆయన బదులు ఒక కుర్రాడు, 24 ఏళ్ళు, కిందటేడే సంగీతం కాలేజీ నుంచి బయటపడ్డాడు. ఇలా బదులొచ్చినవాణ్ణి వీళ్ళు 'డెప్' అంటారు.

"రిహార్సల్ ఎప్పుడు?" అన్నాను అమాయకంగా.

నలుగురూ నవ్వారు. డెప్ కుర్రాడు నవ్వలేదు.

రిహార్సల్ లేదు. పాటల జాబితా కూడా లేదు. స్టేజీ మీద ట్రంపెట్ ఆయన పాట పేరు చెప్పి, కుడిచేతి మూడు వేళ్ళు నేలకేసి చూపించారు. అంతే, మొదలైపోయింది. ఇంటర్వెల్లో అడిగితే పక్కింటాయన విప్పి చెప్పారు. వేళ్ళు కిందికి చూపిస్తే ఫ్లాట్‌లు, అంటే అరస్వరం దించినవి, పైకి చూపిస్తే షార్ప్‌లు, అరస్వరం పెంచినవి. మూడు కిందికంటే ఈ-ఫ్లాట్ శ్రుతి. పాట మామూలుగా 32 బార్లు, బార్ అంటే మామూలుగా నాలుగు దెబ్బల ముక్క. ఎనిమిది బార్ల ముక్క ఒకటి, మళ్ళీ అదే, తర్వాత వేరే రంగులో ఇంకో ఎనిమిది, చివరికి మొదటి ముక్క. ఆ మూడోదాన్ని 'మిడిల్ ఎయిట్' అంటారు. ముందు అందరూ కలిసి పాట వాయిస్తారు, దాన్ని 'హెడ్' అంటారు. తర్వాత ఒక్కొక్కరూ అదే 32 బార్ల చట్రంలో తోచింది వాయించుకుంటూ పోతారు. ఇంక చాలు, హెడ్‌కి వచ్చేద్దాం అనుకున్నవాళ్ళు తల మీద తట్టుకుంటారు.

మన కచ్చేరీలోనూ అంతేగా! ఫిడేలు ఆయనా, మృదంగం ఆయనా ఒక్కోసారి స్టేజీ మీదే మొదటిసారి కలుస్తారు. పాడేవాళ్ళు రాగం ఎత్తుకునేదాకా ఏం పాడతారో వాళ్ళకి తెలీదు.

మూడో పాటలో ట్రంపెట్ ఆయన తల తట్టుకున్నారు. డెప్ కుర్రాడు కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు. నలుగురూ హెడ్ ఎత్తుకుంటే, వాడు ఇంకా సోలో ఉధృతిలోనే ఉన్నాడు. మా ఆయన బేస్ తీగల్ని కాస్త గట్టిగా లాగారు. రెండు బార్లలో వాడికి అర్థమై సర్దుకున్నాడు. నేను తప్ప ఎవరూ గమనించలేదనుకుంటా. కారెక్కాక "వాడికి చెప్పరా?" అని అడిగాను. "చెప్పాగా, తీగతో" అన్నారు.

రెండో రోజు, గురువారం

రాత్రి ఇంటికొచ్చి పడుకునేసరికి ఒంటిగంట. పొద్దున్నే మళ్ళీ ఎస్సెక్స్ వైపు. దారిలో లౌటన్ ఊరి లైబ్రరీలో ఆగాం. ఆ భవనంలోనే నేషనల్ జాజ్ ఆర్కైవ్ ఉంది. ట్రంపెట్ వాద్యకారుడు డిగ్బీ ఫెయిర్‌వెదర్ 1988లో మొదలుపెట్టింది. పాత పత్రికలు, పోస్టర్లు, ఉత్తరాలు. చిన్న గదిలో పెద్ద సంసారం.

'మెయిన్‌స్ట్రీమ్' అంటే ఏమిటో నాకక్కడ ఒంటబట్టింది. 1950లలో బ్రిటన్లో జాజ్ అభిమానులు రెండు పార్టీలు. ఒకటి న్యూ ఆర్లీన్స్ పాత పద్ధతిని ప్రాణంగా చూసుకునే 'ట్రాడ్' వాళ్ళు, రెండోది కొత్తగా వచ్చిన బీబాప్ వాళ్ళు. మధ్యలో అమెరికా బృంద నాయకులు కౌంట్ బేసీ, డ్యూక్ ఎల్లింగ్టన్ బాణీలో స్వింగ్ వాయించే మంచి మంచి వాళ్ళని ఎవరూ పట్టించుకోవడం లేదని ఒక విమర్శకుడికి కడుపుమండి, వాళ్ళ సంగీతానికి మెయిన్‌స్ట్రీమ్ అని పేరుపెట్టాడు. ఆయన స్టాన్లీ డాన్స్, ఈ ఎస్సెక్స్‌లోనే బ్రెయిన్‌ట్రీలో పుట్టినవాడు. 1974లో ఎల్లింగ్టన్ పోతే అంత్యక్రియల్లో నివాళి ప్రసంగం చేసింది ఈయనే.

సాయంత్రం గిగ్ ఒక పల్లెటూరి హాల్లో. ఊరి పేరు చెప్పను, ఎందుకో మీకే తెలుస్తుంది. హాలు నిండా డెబ్బై ఏళ్ళ పైబడినవాళ్ళు. గుమ్మం దగ్గర ఒకావిడ డబ్బుల డబ్బా, లాటరీ టికెట్ల చుట్ట పెట్టుకుని కూర్చుంది. జాజ్ క్లబ్బుల్లో ఇంటర్వెల్ అంటే లాటరీ. బహుమతి ఒక వైన్ సీసా, ఒక చాక్లెట్ల డబ్బా. వాయించడం ఐదు నిమిషాలు తగ్గినా ఊరుకుంటారు గానీ లాటరీ తీయకపోతే ఊరుకోరు.

పియానో ఆయన మూత తీసి ఒక స్వరం నొక్కారు. శాక్స్ ఆవిడ అదే స్వరం ఊదింది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

పియానో మొత్తం అరస్వరం కిందికి దిగిపోయి ఉంది. అయినా తనతో తాను మాత్రం చక్కగా శ్రుతిలోనే ఉంది. ఏళ్ళ తరబడి చలికి, హీటర్‌కి నెమ్మదిగా, అన్ని తీగలూ కలిసికట్టుగా జారిపోయాయి. పియానో శ్రుతి చేసే మనిషి చేతిలోనే ఉన్నాడుగా అనుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. అన్ని తీగల్ని ఒక్కసారి అంత పైకి లాగితే, తెగేవి తెగుతాయి, మిగిలినవి గంటలో మళ్ళీ జారతాయి. ట్రంపెట్, శాక్స్ అంత కిందికి దిగలేవు. బేస్ దిగగలదు గానీ బేస్ ఒక్కటీ దిగి లాభం లేదు.

ఇంక ఒకటే దారి. మిగతావాళ్ళు ఈ-ఫ్లాట్‌లో వాయిస్తుంటే, పియానో ఆయన అరస్వరం పైన 'ఈ'లో వాయించాలి. ఈ-ఫ్లాట్‌కి మూడు ఫ్లాట్‌లైతే 'ఈ'కి నాలుగు షార్ప్‌లు. ఏళ్ళుగా వేళ్ళకి అలవాటైన దారులన్నీ తప్పు. రెండు గంటలసేపు, పాట పాటకీ, అప్పటికప్పుడు తలలో మార్చుకుంటూ.

నేను పియానో పక్కనే కూర్చున్నాను. మొదటి పాటలో ఆయన ఎడమచెయ్యి దాదాపు కదల్లేదు, కుడిచేత్తో రెండు మూడు స్వరాలే. చెవి దగ్గర నరం ఉబ్బింది. ట్రంపెట్ ఆయన తర్వాతి పాటకి ఒక వేలు కిందికి చూపించారు, కళ్ళలో చిలిపితనం. ఒక వేలంటే ఎఫ్. పియానోకి ఎఫ్-షార్ప్, ఆరు షార్ప్‌లు. పియానో ఆయన నోరు తెరవకుండా ఒక మాటన్నారు, ఇక్కడ రాయను. నాలుగో పాటకొచ్చేసరికి మాత్రం ఎడమచెయ్యి కదిలింది. ఎనిమిదో పాటలో ఆయన సోలో వాయిస్తుంటే డెప్ కుర్రాడు పుల్లలు పక్కన పెట్టి మెత్తగా మోగే బ్రష్‌లు తీసుకున్నాడు, ఆయనకి చోటివ్వడానికి. ఎవరూ వాడికి చెప్పలేదు.

హాల్లో ఒక్కరికీ ఏం జరిగిందో తెలీదు. లాటరీలో చాక్లెట్ల డబ్బా నాకే వచ్చింది.

మూడో రోజు, శుక్రవారం

పులిహోర నేనే కలిపాను. చింతపండు గుజ్జు ఫ్రిజ్‌లో ఉంటే ఎంతసేపు. బర్మింగ్‌హామ్ చేరి, టౌన్ హాల్ ముందు మెట్ల మీద కూర్చుని మా ఆయనా, శాక్స్ ఆవిడా, నేనూ తిన్నాం. పక్కనే ట్రంపెట్ ఆయన నిలబడి చూస్తున్నారు. "వాయించాక తింటాను, దాచు" అన్నారు. పచ్చిమిరపకాయ తగిలితే పెదవి మండి ఉబ్బుతుంది, పెదవే ఆయన వాయిద్యం. సాయంత్రం గిగ్ అయ్యాక పార్కింగ్‌లో నిలబడి డబ్బా ఖాళీ చేసి, అడుగున మిగిలిన పల్లీలు కూడా ఏరుకున్నారు.

1834లో కట్టిన ఈ టౌన్ హాల్, రోమన్ గుడిలా చుట్టూ స్తంభాలు. ఇక్కడ 1953లో జరిగింది మా ఆయన చెప్పారు, తను చూడలేదు గానీ చూసినవాళ్ళ దగ్గర విన్నారు. అప్పటిదాకా లిటిల్టన్ ట్రాడ్ వాళ్ళ దేవుడు. ఉన్నట్టుండి బ్రూస్ టర్నర్ అనే ఆల్టో శాక్స్ వాద్యకారుణ్ణి బృందంలో చేర్చుకున్నాడు. న్యూ ఆర్లీన్స్ పద్ధతిలో ఆల్టో శాక్స్ ఏమిటి, అపచారం! కచ్చేరీకి వచ్చిన అభిమానులు ఒక బ్యానర్ ఎత్తారు: 'గో హోమ్ డర్టీ బాపర్', అంటే 'ఛీ, బీబాప్ వాడా, ఇంటికి పో'. పాపం, అప్పుడు టర్నర్ వాయించింది బీబాప్ కూడా కాదు.

"త్యాగరాజ ఆరాధనలో గిటారు పట్టుకొచ్చినట్టు" అన్నాను. నా పోలిక ఆయనకేం అర్థమవుతుంది, నేనే నవ్వుకున్నాను. తర్వాత మన ఊళ్ళ సంగతీ గుర్తొచ్చింది. ఫిడేలు కూడా ఒకప్పుడు మనకి పరాయి వాయిద్యమే, ఇప్పుడు అది లేకుండా కచ్చేరీ ఊహించుకోలేం.

లిటిల్టన్ మాత్రం బ్యానర్లకి జడవలేదు. శాక్స్‌లు ఇంకా పెంచాడు. 1956లో 'బ్యాడ్ పెన్నీ బ్లూస్' అని ఒక రికార్డు చేస్తే అది పాప్ పాటల టాప్ ట్వంటీలోకి వెళ్ళింది. బ్రిటిష్ జాజ్ రికార్డు అలా వెళ్ళడం అదే మొదలు. 1960లలో, బేసీ బృందంలో పేరు తెచ్చుకున్న ట్రంపెట్ వాద్యకారుడు బక్ క్లేటన్ అమెరికా నుంచి వచ్చి లిటిల్టన్‌తో కలిసి ఊళ్ళు తిరిగాడు.

శాక్స్ ఆవిడ మాట కలిపింది. ఆవిడకి దేవత కాథీ స్టోబర్ట్. సౌత్ షీల్డ్స్ నుంచి వచ్చి, మగవాళ్ళ బృందాల్లో టెనర్ శాక్స్ వాయించి, లిటిల్టన్ బృందంలోనూ ఏళ్ళ తరబడి ఉన్నావిడ. లండన్లో సిటీ లిట్ అనే పెద్దల కాలేజీలో సాయంత్రం క్లాసులు చెప్పేది. "ముప్పై ఏళ్ళప్పుడు వెళ్ళి చేరాను. మొదటి రోజు నన్ను ఒకే ఒక్క స్వరం ఊదమంది, గంటసేపు." మా మేనత్త కూడా నాచేత 'స' ఒక్కటే పట్టించేది. నేను పారిపోయాను, ఈవిడ పారిపోలేదు, అదీ తేడా.

ఆ రాత్రి ఊరి చివర పబ్బులో జనం ముప్పై మంది కూడా లేరు. అయినా ఐదు రోజుల్లో బాగా వాయించింది అప్పుడేనని మా ఆయన అంటారు. నాకు తేడా తెలీలేదు. నా కళ్ళన్నీ డెప్ కుర్రాడి మీదే. వాడిప్పుడు కళ్ళు మూసుకోవడం లేదు.

నాలుగో రోజు, శనివారం

గిగ్ లేదు, ప్రయాణమే. బర్మింగ్‌హామ్ నుంచి దక్షిణానికి, సముద్రం దాకా. వాన. రెండుచోట్ల ట్రాఫిక్ ఆగిపోయింది. మా ఆయన వెనక సీట్లోంచి కబుర్లు.

1935 నుంచి దాదాపు ఇరవై ఏళ్ళు అమెరికా బృందాలు బ్రిటన్లో వాయించడానికి వీల్లేదు. రెండు దేశాల సంగీత యూనియన్ల మధ్య గొడవ, ప్రభుత్వం పర్మిట్లు ఇవ్వలేదు. 1949 నవంబరులో అమెరికన్ శాక్స్ వాద్యకారుడు సిడ్నీ బెషే లండన్ వచ్చి, లిటిల్టన్ కచ్చేరీకి మామూలు ప్రేక్షకుడిలా వెళ్ళి, 'అనుకోకుండా' స్టేజీ ఎక్కాడు. చేతిలో వాయిద్యం కూడా 'అనుకోకుండా' ఉంది. నిర్వాహకులకి కోర్టులో జరిమానా పడింది. 1956లో పద్ధతి మారింది, ఒక బృందం అటు వెళ్తే ఒకటి ఇటు.

"మరి అంతకాలం ఎలా నేర్చుకున్నారు మీవాళ్ళు?"

"రికార్డులు. సూది పెట్టడం, వినడం, తీయడం, మళ్ళీ పెట్టడం. అరిగేదాకా."

సముద్రం కనిపించేసరికి ఏడైంది. వేయించిన చేప, చిప్స్ తిని పడుకున్నాం. బేస్ నా గదిలోనే, మంచం పక్కన. రాత్రి ఒకసారి మెలకువొచ్చి, ఎవరో నిలబడ్డారనుకుని ఉలిక్కిపడ్డాను.

ఐదో రోజు, ఆదివారం

స్వానేజ్. డోర్సెట్ తీరంలో చిన్న ఊరు. ఇక్కడి జాజ్ పండగ 1990లో మొదలైంది, జరిగేది జులైలో. ఊరంతా మోగుతుంది. పబ్బుల్లో, గుడారాల్లో, దారిలో కూడా. స్టేషన్లో ఆవిరి రైలు ఉంది. 1972లో మూసేసిన లైనుని ఊరి ఔత్సాహికులు సొంత చేతులతో మళ్ళీ వేసుకున్నారు. ఇప్పుడు కోర్ఫ్ కోట దాకా, ఇంకా అవతలికీ పోతుంది.

మావాళ్ళది మధ్యాహ్నం గుడారంలో. పొద్దుటి నుంచే మా ఆయన ఎక్కువ మాట్లాడలేదు. వేదిక వెనక కుర్చీలో కూర్చుని, కుడిచేతి చూపుడువేలికీ మధ్యవేలికీ తెల్ల టేపు చుట్టుకుంటున్నారు. నాలుగు రోజుల్లో చర్మం లేచిపోయింది. టేపు చివర పంటితో తెంపి, ఆ రెండు వేళ్ళనీ తొడ మీద నెమ్మదిగా ఆడిస్తూ చూసుకున్నారు, ఒకటీ రెండూ, ఒకటీ రెండూ. ఆ వేళ్ళ చివర గట్టిపడిన చర్మం ముదురు గోధుమరంగులో, పాత చెప్పు అడుగులా ఉంది.

రెండో సెట్‌లో శాక్స్ ఆవిడ సోలో మధ్యలో రైలు కూత వేసింది. ఆవిడ ఒక్క క్షణం ఆగి, అదే కూతని శాక్స్‌లో తిరిగిచ్చి, అక్కణ్ణించే కొత్త దారి పట్టింది. గుడారం గుడారమంతా గొల్లున నవ్వింది. తర్వాత 'ఫోర్స్'. అంటే ట్రంపెట్ నాలుగు బార్లు, డ్రమ్స్ నాలుగు, శాక్స్ నాలుగు, మళ్ళీ డ్రమ్స్ నాలుగు. మన తని ఆవర్తనంలో మృదంగం, ఘటం ఒకదానికొకటి జవాబు చెప్పుకున్నట్టు. కుర్రాడి వంతొచ్చినప్పుడు ఆ రైలు కూత లయనే డ్రమ్ముల మీద వేశాడు. ట్రంపెట్ ఆయన వెనక్కి తిరిగి వాడి మొహం చూశారు, ఐదు రోజుల్లో మొదటిసారి.

చివరి పాట నెమ్మదైన ఎల్లింగ్టన్ పాట. బేస్ సోలో. మిగతావాళ్ళు చేతులు దించేశారు. కుర్రాడొక్కడే బ్రష్ అంచుతో తాకీ తాకనట్టు. మా ఆయన కళ్ళు మూసుకున్నారు. వాయించేది ఎక్కువేం లేదు, స్వరానికీ స్వరానికీ మధ్య గాలి దూరేంత ఖాళీ. రెండోసారి మిడిల్ ఎయిట్ అయిపోతుండగా ఆయన తల తట్టుకోలేదు. చేతులు రెండూ బేస్ మీదే ఉన్నాయి. కనుబొమ పైకి లేచిందనుకుంటా, నాకు సరిగ్గా కనిపించలేదు. బ్రష్ వెంటనే డ్రమ్స్ పక్కనున్న కంచు పళ్ళెం మీద చిన్నగా పడింది, నలుగురూ హెడ్‌లోకి వచ్చేశారు.

తర్వాత సామాను సర్దుకుంటుంటే కుర్రాడు వచ్చి బేస్ మోయడానికి ఒక చెయ్యి వేశాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. కారు దగ్గర మా ఆయన జేబులోంచి డైరీ తీసి, "సెప్టెంబరు పంతొమ్మిది?" అన్నారు. వాడు ఫోన్ తీసి చూసి "ఖాళీయే" అన్నాడు.

రెడింగ్ చేరేసరికి పదకొండు దాటింది. దారంతా ఆయన వెనక నిద్ర, బేస్ ముందు సీట్లో బెల్టు పెట్టుకుని.

సోమవారం పొద్దున కూరగాయలకి వెళ్దామని మా ఆవిడ కారు తలుపు తీసి, పక్కలా వాలిపోయి ఉన్న సీటు చూసి, "ఎవరు పడుకున్నారిక్కడ?" అంది.